తోక ముడిచిన సాక్షులు

ల్యాబ్ తలుపుకు అడ్డంగా పసుపు టేపు అంటించి, దాని మీద తన సంతకం కూడా గీకి, సంజీవ్ ఆ తలుపు ముందే కుర్చీ వేసుకుని కూర్చున్నాడు. పెళ్లింట్లో సామాన్ల గదికి కాపలా పెట్టిన మేనమామ వాలకం అతనిది. తాళంచెవి చొక్కా జేబులో ఉంది. చెయ్యి ఆ జేబు మీదే ఉంది.

"పదకొండయింది సంజీవ్ గారూ," అన్నాడు ఖమరుద్దీన్.

"నాక్కూడా వాచీ ఉందండీ."

ఖమరుద్దీన్ తన కోపాన్ని చేతిలోని సులేమానీ చాయ్‌తో కలిపి మింగేశాడు. ఇరవై ఏళ్లుగా మస్కట్‌లో ఒక ఇన్సూరెన్సు కంపెనీకి క్లెయిముల విచారణ చేస్తున్న కడప మనిషి ఆయన. కాలిపోయిన గోదాములు చూశాడు, కాల్చేసిన గోదాములూ చూశాడు. సంతానం కోసం జనం వచ్చే క్లినిక్‌లో అడుగుపెట్టడం మాత్రం ఇదే మొదలు. మస్కట్‌లోనే ఘాలా పేటలో ఈ క్లినిక్ నడుపుతున్న ఒమానీ డాక్టరమ్మ పొద్దున ఫోన్ చేసి, వెంటనే రమ్మంది; క్లినిక్‌కు బీమా ఆయన కంపెనీదే. సంజీవ్‌ను పంపింది ఆమె కాదు, క్లినిక్‌లో పెట్టుబడి పెట్టిన పై కంపెనీ; అతని మీద ఆమె మాట చెల్లదు. ఆడిట్ ఆఫీసరు. పుట్టింది జగిత్యాలలోనే అయినా, మాటలో ఆ ఊరి జాడ ఎక్కడా బయటపడకుండా జాగ్రత్తపడే రకం.

సంగతి ఇది. ఈ నెలలో ముగ్గురు మగవాళ్లు ఇచ్చిన నమూనాలు ఈ క్లినిక్‌లో పాడైపోయాయి. అంతకుముందు చేసిన పరీక్షల్లో ముగ్గురూ దివ్యంగా ఉన్నారు. తీరా భార్యల అండాలు బయటికి తీసిన రోజున, వాళ్ల వీర్యకణాలు చాలావరకు కదలకుండా పడి ఉన్నాయి. గాజు పళ్లెంలో అండాల పక్కన వదిలితే ఒక్కటంటే ఒక్కటి అతుక్కోలేదు. లోపం మీలోనే ఉన్నట్టుందని చెప్పి ముగ్గురినీ ఇంటికి పంపేశారు. నిన్న ల్యాబ్ మనిషి తహ్సీన్ ఆ ఫోటోలను పెద్దవి చేసి చూసి, ఇది లోపం కాదు, నమూనాల్లో నీళ్లు కలిశాయని తేల్చింది. నీళ్లు ఎక్కడుంటాయి? ల్యాబ్‌లో. ల్యాబ్‌లో ఎవరుంటారు? తహ్సీన్. సంజీవ్ బుర్ర అక్కడితో ఆగిపోయింది. పది గంటలకు వచ్చి, ఆమెను బయటికి పంపి, తలుపు మూసేశాడు.

మూసిన ఆ తలుపు వెనక, వెచ్చటి పెట్టెలో, సమ్రీన్ అండాలు నాలుగు ఎదురుచూస్తున్నాయి. మస్కట్‌కు దూరంగా సహం ఊళ్లో భర్త సమీయుల్లాతో కలిసి కిరాణా కొట్టు నడుపుతున్న పిల్ల. ఆమెలో అండాలు దాదాపు అయిపోయాయి. ఇవాళ పొద్దున తీస్తే నాలుగే వచ్చాయి, ఇంకోసారి తీద్దామంటే ఉండవని డాక్టరమ్మ దాచకుండా చెప్పింది. మధ్యాహ్నం రెండింటికల్లా భర్త వీర్యకణాలు వాటి పక్కకు చేరాలి. కణాలను కడిగి సిద్ధం చేయడానికి గంటపైన పడుతుంది. అంటే పన్నెండున్నరకు నమూనా ల్యాబ్‌లో ఉండాలి. అది దాటితే అండాలు ముదిరిపోతాయి, సమ్రీన్ ఆశ కూడా అంతే.

ఖమరుద్దీన్ తహ్సీన్‌ను చాయ్ గదిలోకి తీసుకెళ్లి తలుపు తెరిచే ఉంచాడు. ఆమె హైదరాబాదీ. ఇద్దరి ఇళ్లల్లోనూ ఉర్దూయే. కానీ సంజీవ్ చెవులు ఇటే ఉన్నాయి కాబట్టి, దాపరికమేమీ లేదని అతనికి తెలిసేలా తెలుగులోనే మాట్లాడుకున్నారు.

"నీళ్లని ఎట్లా చెప్తాండావమ్మా?"

ఆమె ఫోన్‌లో ఫోటో చూపించింది. "తోకలు చూడుండ్రి సార్. చుట్టుకపోయినయి. వీర్యకణం ఉండేది ఉప్పదనం ఉన్న ద్రవంల. దానికి మామూలు నీళ్లు తగిలితే లోపలికి గుంజుకుంటది. ఉబ్బి, తోక ఇట్ల ముడుచుకుంటది."

"తోక ముడిస్తే ఏమైతాది?"

"మొత్తం అదే కద సార్. అండం చుట్టూ ముందు జిగురు జిగురు కణాలుంటయి. వాటిని తోసుకుంట పోవాలె. లోపల ఇంకో మందం పొర, పెంకు లెక్క. వీర్యకణం తల దానికి అతుక్కోవాలె. అతుక్కోంగనే తల మీద టోపీ లాంటిది ఊడుతది, అండ్లకెళ్లి రసం వచ్చి దారి చేస్తది. వెనకకెళ్లి తోక కొట్టుకుంట నూకితేనే లోపలికి పోతది. పోయినంక అండం ఇంకెవ్వల్నీ రానియ్యదు, తలుపేసుకుంటది."

"అంటే గడప దాకా పోయే కాళ్లే పడిపోయినాయి."

"అంతే సార్. పెంకు మీద ఒక్క తల కూడ లేదు. అండం మంచిగనే ఉంది, పాపం."

"కణాన్ని సూదితోనే అండం లోపలికి ఎక్కిస్తారంట కదా?"

"ఆ మిషన్ రిపేరుకు పోయింది సార్. వచ్చేదాక పళ్లెంల పక్కన వదులుడే."

ఖమరుద్దీన్ ఆమె ముఖంలోకి సూటిగా చూశాడు. "నీళ్లు నువ్వే కలిపినావా?"

"లేదు సార్." ఆమె చూపు తిప్పుకోలేదు.

"కప్పు నీ చేతికి రాంగానే మొదట ఏం చేస్తావు?"

"ఎంతుందో కొలిచి కంప్యూటర్ల ఎక్కిస్త. కప్పు మీద పేరుండదు, నంబరే."

"ఆ ముగ్గురిదీ ఎంతుండె?"

తహ్సీన్ కనుబొమ్మలు ముడిచింది. "ఎక్కువే ఉండె సార్. మామూలుగ ఒక చెంచాడు కూడ ఉండదు. వాళ్లది రెండింతలుండె. చానా రోజులు ఆగి ఇచ్చిండ్రేమో అనుకున్న."

"ఈ నెలలో మంచిగా అతుక్కున్నవి ఎవరివి?"

"దగ్గరోళ్లయి. నర్సు ముందురోజే కప్పు ఇచ్చి పంపుతది. ఇంట్ల ఇచ్చి, గంటల తెస్తరు. ఖరాబైనయి మూడు కూడ ఇక్కడి గదిలనే ఇచ్చినయి."

ఖమరుద్దీన్ గ్లాసు కింద పెట్టి లేచాడు. ఆయనకు మనసులో ఒక ముడి వదులైంది. ఇంకా విడిపోలేదు గానీ, కొస చేతికి దొరికింది.

"సంజీవ్ గారూ, ఇంటి నుంచి వచ్చినవీ, ఈ గదిలోంచి వచ్చినవీ ఈ పిల్ల చేతిమీదుగానే పోతాయి. ఇంటివి బాగుండి, గదివి పాడైతే తప్పు ల్యాబ్‌లో ఎట్లుంటుంది?"

"ఏది పాడుచేయాలో ఎంచుకుని ఉంటుంది," సంజీవ్ కాలు మీద కాలు వేసుకున్నాడు. "వేరే క్లినిక్ వాళ్లు ఆమెను కొనేసి ఉంటారు. ఇలాంటివి నేను చాలా చూశాను."

"నీళ్లు కలిపిన మనిషి, ఎక్కువైన కొలతను కంప్యూటర్లో ఎక్కించి తనను తానే పట్టించుకుంటుందా? ఆపైన నీళ్లు కలిశాయని రిపోర్టు కూడా ఇస్తుందా?"

సంజీవ్ ముఖం ఎర్రబడింది. "మీది గోదాముల అనుభవం. ఇక్కడ మనుషుల బతుకులు పోయాయి. నేరం చేసినవాళ్ల పేరు నాకు కావాలి. అప్పటిదాకా ఈ తలుపు తెరుచుకోదు."

"ఆ ముగ్గురి పేర్లు ఇవ్వండి, నేనే మాట్లాడతా."

"సమాయిల్‌లో వెల్డింగ్ షాపు నడిపే గంగన్న ఒకడు. రెండోవాడు ఎహసాన్, ఇండియా వెళ్లిపోయాడు. మూడో ఆయన తన పేరు చెప్పొద్దన్నాడు. డాక్టరమ్మ కూడా చెప్పదు."

"మీరు ఆ గది చూసినారా?"

"ఆ వైపు నేను అడుగే పెట్టలేదు. నా పని ల్యాబ్‌తో."

ఆ గది కారిడార్ చివర ఉంది. ఖమరుద్దీన్ లోపలికి వెళ్లి బోల్టు వేసుకుని, అక్కడికి వచ్చే మగవాడిలా కుర్చీలో కూర్చున్నాడు. ఒక చిన్న టీవీ. చేతులు కడుక్కోమని ఇంగ్లీషులో, అరబీలో బోర్డు. లోపల ఇంకెవరూ దాక్కునే చోటు లేదు. నమూనా అందించడానికి చిన్న కిటికీ, దానికి బయటివైపు తలుపు. నీళ్ల సీసాలు, మందుల డబ్బాలు ఏమీ లేవు. ఉన్న నీళ్లల్లా చేతికి అందేంత దగ్గరలో ఉన్న నల్లావే. బోల్టు లోపలివైపే ఉంది. ఈ గదిలో నీళ్లు కలిస్తే, కలిపినవాడు ఒంటరిగా ఉండి ఉండాలి.

ఆయన తలుపు తీసేసరికి ఎదురుగా సమీయుల్లా నిలబడి ఉన్నాడు. రాయచోటి కుర్రవాడు, చేతిలో నల్లటి పాలిథిన్ సంచి. పొద్దున సంజీవ్ రాకముందే కప్పు ఇచ్చేశారట. తలుపు మూశాక ఏం చేయాలో ఎవరూ చెప్పలేదు. గంటకు పైగా ఆ సంచిని పట్టుకుని తిరుగుతున్నాడు.

"అన్నా, లోపలికి పోవచ్చా?"

"కొంచెం ఆగు నాయనా. సమ్రీన్ ఎట్లుంది?"

"పండుకొనుంది. గుడ్లు నాలుగేనని ఏడుస్తాంది." సమీయుల్లా అటూఇటూ చూసి, గొంతు బాగా తగ్గించాడు. "అన్నా, నీకు తెలిసుంటాదని అడుగుతాండా. అంత రాకపోతే ఏం చేయాల?"

"ఎంత?"

కుర్రవాడు సిగ్గుతో చచ్చిపోతూ సంచి తెరిచాడు. లోపల మూత పెట్టిన ఖాళీ ప్లాస్టిక్ కప్పు. దాని ఒంటి మీద, అడుగు నుంచి చిటికెనవేలి మందాన, నీలం మార్కర్‌తో అడ్డంగా గీసిన గీత.

"ఇంతదాకా," అన్నాడు సమీయుల్లా. "యా మగోడికి వస్తాదన్నా ఇంత?"

ఖమరుద్దీన్‌కు నవ్వొచ్చింది, జాలీ వేసింది. రెంటినీ ఆపుకుని, ఆ సంచిని తన చేతిసంచిలో పెట్టుకున్నాడు. "ఈడనే కూర్చో. యాడికీ పోవద్దు."

కప్పులిచ్చే అటెండరు ఫక్రుద్దీన్ స్టోర్ గదిలో దొరికాడు. నిజామాబాద్ మనిషి, తెల్లగడ్డం, నవ్వుముఖం. ఈ క్లినిక్‌లో చేరి నెల కూడా కాలేదు. అంతకుముందు ఏళ్ల తరబడి, వీసా కోసం వచ్చే కార్మికులకు మెడికల్ చేసే చోట మూత్రం కప్పులు అందించేవాడు.

"గీత ఎందుకు గీస్తున్నావు భాయ్?"

"అది నా అలవాటు సాబ్," ఫక్రుద్దీన్ ముఖం వెలిగింది. "ఆడ చదువురానోళ్లు వస్తుండిరి. ఒకడు నిండ నింపుతడు, ఒకడు రెండు చుక్కలు పోస్తడు, డాక్టర్ నన్ను తిడుతుండె. అందుకని గీత గీసుడు షురూ చేసిన. ఇంతదాక అని చూపిస్తే బస్, అందరికి సమజైతది. ఈడ కూడ అట్లనే. పాపం, పిల్లల కోసం ఆశతోని వచ్చినోళ్లు కద, వాళ్లకు పరేషాన్ కావద్దని."

ఖమరుద్దీన్ ఆ పెద్దాయన భుజం మీద చెయ్యి వేసి, మెల్లగా, ఇది మూత్రంలా అంత రాదనీ, గీత చూసి సిగ్గుపడి నీళ్లు కలుపుతున్నట్టుందనీ చెప్పాడు. ఫక్రుద్దీన్ రెండు చేతులతో తల పట్టుకుని అక్కడే స్టూలు మీద కూలబడ్డాడు.

"నా మంచితనమే ఎంత తిప్పలు తెచ్చింది సాబ్ వాళ్లకు."

"నీ మనసు మంచిదే భాయ్. అది ఇంకొకరికి పనికొచ్చేటట్టు చేద్దాం, నాతో రా."

కారిడార్‌లోకి రాగానే ఫక్రుద్దీన్ సంజీవ్‌ను చూశాడు. చూసి, వెంటనే తల వంచేసి నేల చూశాడు. ఇక్కడికి వచ్చిన మగవాళ్ల ముఖాలు ఇంకెక్కడ కనపడినా గుర్తుపట్టకూడదని డాక్టరమ్మ ఆర్డర్. సంజీవ్ గోడ వైపు తిరిగాడు. ఖమరుద్దీన్ ఆ రెండూ చూసి, ప్రస్తుతానికి చూడనట్టే ఊరుకున్నాడు.

ముందు గంగన్నకు ఫోన్ కలిపి, స్పీకర్ పెట్టి, తానెవరో చెప్పాడు. "గంగన్నా, ఒక్క మాట అడుగుతా, తప్పుగా అనుకోవద్దు. ఆ రోజు కప్పులో గీత దాకా వచ్చిందా?"

అవతల వెల్డింగ్ చప్పుడు ఆగిపోయింది. గంగన్న గొంతు తగ్గించాడు. "రాలేదన్నా. ఇంత జరంతనే వచ్చె. గీంతేనా అని నవ్వుతరని సిగ్గైంది. నల్ల ఇప్పి ఇన్ని నీళ్లు కలిపిన. నా పెండ్లాం సత్తవ్వకు గూడ చెప్పలె."

"ఆ నీళ్ల వల్లే పాడైంది. నీలో లోపం లేదు."

"ఏందన్నా?"

"లోపం లేదు. మళ్లీ చేయించుకోండి, ఈసారి నీళ్లు కలపొద్దు."

అవతల ఏదో ఇనుప సామాను కింద పడింది. "సత్తవ్వా, ఓ సత్తవ్వా, ఇటు రాయే," అన్న కేక దూరమైంది. ఫోన్ పెట్టేయడం కూడా మరిచిపోయాడు గంగన్న. అతని నవ్వో ఏడుపో తెలియని చప్పుడు కాసేపు ఆ కారిడార్‌లో వినిపించింది. ఖమరుద్దీన్‌కు ప్రాణం హాయిగా అనిపించింది. ఇరవై ఏళ్లలో ఆయన విచారణ ఫలితం విని సంతోషించినవాడు లేడు.

"విన్నారుగా. అటెండరు కప్పు మీద గీత గీస్తున్నాడు. మగవాళ్లు సిగ్గుపడి ఆ గీత దాకా నీళ్లు నింపుతున్నారు. తలుపు తీయండి."

సంజీవ్ లేచి నిలబడ్డాడు గానీ జేబు మీది చెయ్యి తీయలేదు. "ఒక వెల్డింగ్ వాడి మాట పట్టుకుని తలుపు తీయమంటారా? వాడంటే చదువులేని మనిషి. మిగతా ఇద్దరూ అంత తెలివితక్కువ వాళ్లా? ఎవడో నీలం మార్కర్‌తో గీత గీస్తే, అందరూ నల్లా దగ్గరికి పరిగెత్తారంటే పై వాళ్లు నవ్వుతారు."

ఖమరుద్దీన్ చేతిసంచి జిప్పు తీసి, నల్ల పాలిథిన్ లోంచి కప్పు బయటికి తీసి, సంజీవ్ కూర్చున్న కుర్చీలో పెట్టాడు.

"నీలమే. కానీ నేను గీత అన్నానే గానీ, రంగు చెప్పలేదు."

"మార్కర్లంటే నీలంవే కదా."

"నల్లవి ఉంటాయి, ఎర్రవి ఉంటాయి. ఈ కప్పు ఇప్పటిదాకా నా సంచిలో ఉంది. మీరేమో ఆ వైపు అడుగే పెట్టలేదన్నారు. ఇంతకుముందు ఇలాంటి కప్పు మీ చేతికి వస్తే తప్ప ఆ రంగు మీకు తెలియదు." ఖమరుద్దీన్ తహ్సీన్‌నూ ఫక్రుద్దీన్‌నూ దూరంగా వెళ్లమని సైగ చేశాడు. తరువాత గొంతు తగ్గించాడు. "ఆ మూడో మనిషి మీరే కదా సంజీవ్ గారూ?"

సంజీవ్ కాదనలేదు. గోడకు ఆనుకుని మెల్లగా కిందికి జారి, నేల మీద కూర్చున్నాడు. నోరు తెరిచేసరికి, ఇన్నాళ్లూ దాచిన జగిత్యాల అంతా ఒక్కసారే బయటికి వచ్చింది.

"నేనే పోసిన. ఎంకాం చదివి, ఊరందరి లెక్కల్ల తప్పులు వట్టేటోన్ని. గీత దాక ఎందుకని ఒక్క మాట అడిగితే అయిపోతుండె. అడుగబుద్ధి కాలే. లోపం నాదే అన్నరు. నా భార్య వాణి ఏమంటలేదు, నేనే ఆమె మొకం చూస్తలేను. ఎప్పుడు పండుకుంటదా అని చూసి ఇంటికి పోతున్న. నిన్న ఈ పిల్ల నీళ్లు కలిసినయని రాసేసరికి నాకు భయమైంది. ఇంకెవలో చేసిండ్రని తేలితే చాలనిపించింది."

ఖమరుద్దీన్ కూడా ప్యాంటు మడతలు చూసుకోకుండా అతని పక్కనే నేల మీద కూర్చున్నాడు. "ఇన్ని రోజులూ ఊరికే ఏడ్చినారు మీరు. మీలో ఉన్న తప్పంతా ఆ నల్లా నీళ్లే. ఆ పిల్లను మాత్రం చానా బాధపెట్టినారు."

"ఆమె కాళ్లు వట్టుకుంట."

"అది తర్వాత పట్టుకోవచ్చు. ముందు తాళంచెవి."

సంజీవ్ గబగబా లేచి, తన చేతులతోనే టేపు చించేసి, తలుపు తెరిచాడు. పన్నెండు దాటి పది నిమిషాలు. తహ్సీన్ అతని వైపు చూడకుండా లోపలికి వెళ్లిపోయింది. చూడడానికి ఆమెకు టైము లేదు.

ఫక్రుద్దీన్ సీల్ తీయని కొత్త కప్పు తెచ్చి, రెండు చేతులతో సమీయుల్లాకు ఇచ్చాడు. "ఎంతొస్తే అంతే బేటా. ఒక్క చుక్కైనా సరే."

"నీళ్ల జోలికి పోవద్దు," అన్నాడు ఖమరుద్దీన్.

"నేను పోయేవాణ్ని కాదన్నా," అన్నాడు సమీయుల్లా. రెండడుగులు వేసి ఆగాడు. "పోయేవాణ్నే."

ఇరవై నిమిషాలకు అతను బయటికి వచ్చాడు. కప్పు అడుగున చెంచాడు కూడా లేదు. తహ్సీన్ దాన్ని అందుకుని కొలిచి, సూక్ష్మదర్శిని కింద చూసి, బాగున్నాయన్నట్టు బొటనవేలు పైకెత్తి చూపించింది.

రెండు కావడానికి కొంచెం ముందు, బయట గోడకున్న తెర మీద ఆమె వాళ్లకు పళ్లెం చూపించింది. మధ్యలో గుండ్రంగా, చుట్టూ తెల్లటి నురుగులాంటి కణాలతో అండం. దాని చుట్టూ వేలాది తోకలు కొట్టుకుంటున్నాయి. కొన్ని దారి తప్పి అవతలికి పోతున్నాయి, కొన్ని ఆ నురుగులో ఇరుక్కుని గింజుకుంటున్నాయి, కొన్ని లోపలికి లోపలికి తోసుకుంటూ పోతున్నాయి. సంజీవ్ అందరికంటే వెనక నిలబడి, కళ్లార్పకుండా చూశాడు. తరువాత ఎవరికీ చెప్పకుండా ఫోన్ తీసుకుని మెట్ల వైపు నడిచాడు. "వాణీ, అన్నం తిన్నవా? నేను ఇంటికి వస్తున్న," అన్న మాటలు మాత్రం ఖమరుద్దీన్ చెవిన పడ్డాయి.

మర్నాడు పొద్దున ఖమరుద్దీన్‌కు క్లినిక్‌లో ఏ పనీ లేదు. డాక్టరమ్మకు చెప్పాల్సింది నిన్ననే చెప్పేశాడు. ఆ ముగ్గురినీ తిరిగి పిలిపించి మళ్లీ చేస్తానని ఆమె మాట కూడా ఇచ్చింది. అయినా ఆఫీసుకు పోవాల్సిన కారు దానంతటదే ఘాలా వైపు తిరిగింది. ఆయన లోపలికి వచ్చేసరికి సమ్రీన్ తెర ముందు కుర్చీలో కూర్చుని, దుపట్టా కొసను వేలికి చుట్టుకుంటూ, విప్పుకుంటూ ఉంది. సమీయుల్లా ఆమె వెనక నిలబడ్డాడు, ముఖంలో నెత్తురు చుక్క లేదు.

తహ్సీన్ తలుపు తీసుకుని వచ్చింది. "నాలుగిట్ల ఒకటి కాలే," అంది ముందుగా. సమ్రీన్ చెయ్యి ఆగిపోయింది. "మూడు అయినయి."

తహ్సీన్ తెర మీద మొదటి అండాన్ని పెట్టింది. నిన్నటి నురుగు లేదు, తోకలు లేవు. శుభ్రమైన గుండ్రటి అండం, దాని నడుమ ఒకదాన్నొకటి ఆనుకుని రెండు చిన్న వలయాలు.

"ఒకటి అమ్మది, ఒకటి నాయినది. రెండు కనపడితే కలిసినట్టే."

సమీయుల్లా తెరకు ముక్కు ఆనేంత దగ్గరికి వంగాడు. "నాది ఏది?"

"కొంచెం పెద్దగున్నది నీదై ఉంటది. కానీ జల్ది చూసుకోండ్రి. మధ్యాహ్నానికి రెండూ కనపడయి."

"ఏమైతాయి?" సమ్రీన్ ఉలిక్కిపడింది.

"ఏం కావు అక్కా. నీది, ఆయనది అని వేరు ఉండదు ఇగ. కలిసి ఒకటైపోతయి. రెండు రోజులైతే డాక్టరమ్మ లోపల పెడతది."

సమ్రీన్ చాలాసేపు తెర వైపే చూసింది. కళ్లలోంచి నీళ్లు కారుతున్నా తుడుచుకోలేదు. తహ్సీన్ రెండో అండం, మూడో అండం చూపించి, తెర ఆపేయడానికి చెయ్యి చాపింది.

"మొదటిది ఇంకొకసారి చూపియ్యవా అమ్మా," అంది సమ్రీన్. "అవి కలిసిపోకముందే."

తహ్సీన్ మళ్లీ మొదటి అండాన్ని తెర మీదికి తెచ్చి, తనూ ఒక కుర్చీ లాక్కుని ఆమె పక్కన కూర్చుంది.